నాలుగు నెలల పాదు

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ పెరళ్లలో వానాకాలపు గుమ్మడికి రెండు గండాలు: ఆగని ముసురు, క్వార్టరు గడువు

గుమ్మడి గింజ నాటిన రోజు నుంచి కాయ పూర్తిగా ముదిరేదాకా సుమారు నాలుగు నెలలు. రిటైరైన రైల్వే ఉద్యోగిని మామూలు అద్దెకు క్వార్టరులో ఉండనిచ్చేది కూడా నాలుగు నెలలే. తగిన కారణం చూపితే మరికొంత గడువు దొరకవచ్చు, అద్దె మాత్రం పెరుగుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, న్యూ సెటిల్‌మెంట్ లాంటి రైల్వే కాలనీలో, జూన్ నెలాఖరున సర్వీసు ముగిసే కుటుంబానికి ఈ రెండు లెక్కలూ ఒకేసారి మొదలవుతాయి. తొలకరికి గింజ వేస్తే అక్టోబరు చివరికి కాయ. మధ్యలో వారం రోజులు ముసురు పట్టి పిందెలు రాలాయంటే, మళ్లీ పూత వచ్చి కాయ ముదిరేలోగా తాళం చెవులు అప్పగించే రోజు వచ్చేస్తుంది.

ఖరగ్‌పూర్‌ను ఊరుగా నిలబెట్టింది 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. కోస్తా వెంట వేసిన లైను ఈ జంక్షన్‌ను విశాఖ తీరంతో కలిపింది. ఆ లైను మీదుగానే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వేలాది మంది వర్క్‌షాపు పనికి, లైను పనికి వచ్చారు. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1920ల్లో ఈ రైల్వే కార్మికుల నాయకుడు. 1955లో ఇది ఆగ్నేయ రైల్వేలో భాగమైంది. 2013 వరకూ ప్రపంచంలోనే పొడవైనదిగా పేరున్న 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఉన్నదీ ఇక్కడే. తరాలు మారినా తెలుగు మాట, తెలుగు బడి, తెలుగు వంట ఈ ఊళ్లో నిలిచాయి. పప్పులోకి, పులుసులోకి నాలుగు పాదులు పెట్టుకునే అలవాటూ నిలిచింది.

అయితే ఇక్కడి నేల గుమ్మడికి అంత అనుకూలం కాదు. ఇది ఎర్రటి లాటరైట్ మట్టి. ఎండితే రాయిలా బిగుసుకుంటుంది. పులుపు గుణం ఎక్కువ, సారం తక్కువ. ఏటా దాదాపు 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో అధిక భాగం జూన్-సెప్టెంబరు మధ్యే. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందంటే రెండు మూడు రోజులు ఎండ మొహం కనిపించదు.

ముసురులో గుమ్మడికి జరిగే అసలు నష్టం కళ్లకు కనిపించదు. గుమ్మడికి మగ పువ్వు, ఆడ పువ్వు వేర్వేరు. ఆడ పువ్వు కింద బుడిపె లాంటి పిందె ఉంటుంది. మగ పువ్వుకు సన్నటి పొడవాటి కాడ మాత్రమే. రెండూ తెల్లవారుజామున విచ్చుకుని, పొద్దెక్కేసరికి ముడుచుకుంటాయి. ఆ మూడు నాలుగు గంటల్లో తేనెటీగ ఒక పువ్వు మీది పుప్పొడిని రెండో పువ్వుకు చేర్చాలి. వానలో ఈగలు బయటికి రావు. తడిసిన పుప్పొడి పగిలి పనికిరాకుండా పోతుంది. నాలుగైదు రోజుల్లో పిందె పసుపు రంగుకు తిరిగి రాలుతుంది. ఇంట్లోవాళ్లు ఆ నేరాన్ని దిష్టి మీదికో, పక్కింటివాళ్ల కంటి మీదికో నెట్టేస్తారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడానికి ఇక్కడి దొంగ మనిషి కాదు, వాన.

దీనికి మందు చేతిలోనే ఉంది. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గ కొన పసుపు రంగు తేలుతుంది. సాయంత్రమే అలాంటి ఆడ మొగ్గను, రెండు మగ మొగ్గలను దారంతో వదులుగా కట్టి, పైన తడవకుండా కవరు తొడగాలి. పొద్దున ఆరు, ఏడు గంటల మధ్య మగ పువ్వు కోసి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడ పువ్వు మధ్యభాగానికి అద్దాలి. మళ్లీ దారం కట్టేయాలి. వాన పడుతుంటే ఒకరు గొడుగు పట్టుకోవాలి, అంతే.

ప్రపంచ రికార్డుల కోసం పెంచేవాళ్లు చేసేదీ సరిగ్గా ఇదే. 2025 అక్టోబరులో బ్రిటన్‌కు చెందిన కవల సోదరులు స్టువర్ట్, ఇయాన్ పేటన్ 1,278.8 కిలోల గుమ్మడిని తూకానికి తెచ్చారు. అంతకుముందు రికార్డు 2023లో అమెరికాలో ట్రావిస్ గీంగర్ సాధించిన 1,246.9 కిలోలు. చలి, వాన విడవని బ్రిటన్ వేసవిలో ఇంతటి కాయ ఎలా సాధ్యమైందంటే, పేటన్ సోదరులు తీగను కప్పు కింద పెంచారు. నేల చల్లబడితే గుమ్మడి వేరు పని మానేస్తుంది. 15 డిగ్రీల లోపు గింజ మొలవడమే కష్టం. ఖరగ్‌పూర్‌లో ఆ బెంగ లేదు. ముసురు రోజుల్లోనూ ఇక్కడ వెచ్చదనం ఉంటుంది. కొరత అల్లా ఎండకూ, ఆరిన నేలకూ. రికార్డు రకం ‘అట్లాంటిక్ జెయింట్’ కెనడాలోని నోవా స్కోషియాలో హోవర్డ్ డిల్ అభివృద్ధి చేసింది. రాత్రులు చల్లబడే చోటే అది బాగా పెరుగుతుంది. మన పెరటి గుమ్మడిది వేరే జాతి, ఉక్కను తట్టుకుంటుంది. దాని నుంచి వందల కిలోలు ఆశించనక్కర్లేదు. ఇద్దరు పట్టి మోసే కాయ వస్తే ఇల్లంతా సంబరమే.

అలాంటి కాయ రావాలంటే పాదు గుంటలా కాకుండా దిబ్బలా ఉండాలి. అడుగు ఎత్తున మట్టి ఎగదోసి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, చుట్టూ నీరు పోయే కాలువ తీయాలి. నేల పులుపు తగ్గడానికి సున్నం చల్లితే, ఎరువుతో కలిపి కాకుండా రెండు మూడు వారాల ముందే చల్లాలి. పాకిన తీగ కణుపుల మీద మట్టి కప్పితే అక్కడా వేళ్లు దిగుతాయి. తీగకు ఒకటి, మహా అయితే రెండు కాయలే ఉంచాలి. కాయ కింద పెంకు ముక్కో, ఎండుగడ్డో పెడితే అడుగు కుళ్లదు. లేత పిందెకు గుడ్డ సంచి తొడిగితే పండు ఈగ గుడ్లు పెట్టలేదు. రాలిన పిందెలను పాదులో వదలకుండా ఏరేయాలి. ఆకుల మీద పసుపు మచ్చలు మొదలైతే అది బూజు తెగులు. ఆ ఆకులు తీసేసి గాలి ఆడనివ్వాలి. వారం ఎండగాసి ఒక్కసారిగా కుండపోత పడితే కాయ పగులుతుంది. అందుకే వాన లేని రోజుల్లో మొదట్లో నీళ్లు పోయడం మానకూడదు.

ఇంత శ్రమకు ఫలితం వంటింటిదే కాదు. సంక్రాంతి గొబ్బెమ్మకు గుమ్మడి పువ్వు కావాలి. పక్కన పాకే బూడిద గుమ్మడి గుమ్మానికి వేలాడాలి, మినప్పిండితో కలిసి వడియం కావాలి. బెంగాలీలు దాన్నే చాల్ కుమ్‌డో అంటారు. వాళ్లూ మినప్పప్పుతో కలిపి ఎండబెట్టి ‘బొడి’ చేస్తారు. రెండు భాషల పెరళ్లకూ ఇది ఉమ్మడి కాయ.

మళ్లీ గడువు సంగతికి వస్తే, కూరకైతే సగం ముదిరిన కాయా పనికొస్తుంది. విత్తనానికి పనికిరాదు. తొడిమ ఎండి, గోరు గుచ్చినా తొక్క దిగని కాయలోనే గింజ గట్టిపడుతుంది. చేత్తో అద్ది దారం కట్టిన పువ్వు నుంచి వచ్చిన గింజలో వేరే పాదు పుప్పొడి కలవదు. నీడన ఆరబెట్టి దాస్తే నాలుగేళ్లయినా మొలుస్తుంది. క్వార్టరు, పెరడు, దిబ్బ అన్నీ రైల్వేవే. తర్వాత వచ్చే కుటుంబానివే. వెంట తీసుకెళ్లగలిగేది ఆ గుప్పెడు గింజలే. వాటి కోసం జూన్‌లో రిటైరయ్యేవారు తొలకరి దాకా ఆగకూడదు. మే చివరి వారంలోనే గింజను మట్టి సంచిలో పెట్టి, వరండాలో మొలిపించి, వాన మొదలవగానే దిబ్బ మీదికి మార్చాలి. అలా కలిసొచ్చే మూడు నాలుగు వారాలు ఒక ముసురును తట్టుకోవడానికి సరిపోతాయి.