మనలాంటి వాళ్లు నలుగురు దొరికితే

 

పదో తరగతి అయ్యి దాఖలా తీసుకుని వెళ్లిన మన పిల్లలు గడచాందూర్‌లో కొందరు, చంద్రపూర్, నాగపూర్‌లలో కొందరు, హైదరాబాద్‌లో కొందరు స్థిరపడ్డారు. పోయినేడు హైదరాబాద్ నుంచి ఒక పాత విద్యార్థి ఫోన్ చేశాడు. బాగోగులు అడిగాక ఒక మాట అన్నాడు. "సార్, ఏడో తరగతిలో మీరు నన్ను అందరి ముందు 'మగపిల్లాడిలా నడువురా' అన్నారు. అప్పటి నుంచి బడికి వచ్చే దారంతా నా నడక నేనే చూసుకుంటూ వచ్చేవాణ్ణి."

కోపంగా అనలేదు. జరిగింది చెప్పినట్టు చెప్పాడు. నాకైతే ఆ మాట అన్నట్టు గుర్తు కూడా లేదు. అతనికి ఇన్నేళ్లూ గుర్తుంది.

తరువాత ఇంకో సంగతి చెప్పాడు. ఇప్పుడు ఆదివారాలు పది పన్నెండు మంది ఒకచోట కూర్చుంటారట. అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాకే రాత్రుళ్లు నిద్ర పడుతోందట. "ఎవరైనా డాక్టరు నడుపుతారా?" అని అడిగాను. "లేదు సార్, మాలో మేమే" అన్నాడు. ఈ "మాలో మేమే" అనే పద్ధతి ఏమిటో తెలుసుకోవాలని అప్పటి నుంచి చదువుతూ, తెలిసినవాళ్లను అడుగుతూ వచ్చాను. మన పిల్లలు రేపు పెద్దవాళ్లై ఊరు దాటి వెళ్తారు. వాళ్లలో ఎవరికి ఇది అవసరమవుతుందో ఇవాళ మనకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎవరి గురించి ఈ మాట

మూడు రకాల మనుషుల గురించి చెప్పుకుందాం.

మొదటివాళ్లు క్వీర్ వ్యక్తులు. ఆడ మగ అనే రెండు గళ్లలో ఇమడనివాళ్లు, పుట్టినప్పుడు రాసిన లింగం తమది కాదని తెలిసినవాళ్లు, తమ లింగం వారినే ఇష్టపడేవాళ్లు, అందరినీ కలిపి ఈ పేరుతో పిలుస్తారు. ఇంగ్లిషులో ఒకప్పుడు ఇది తిట్టు. తరువాత వాళ్లే దాన్ని తమ పేరుగా తీసుకున్నారు.

రెండోవాళ్ల మెదడు నడిచే తీరు వేరు. ఆటిజం, డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ లాంటివి ఉన్నవాళ్లు. వీళ్లను న్యూరోడైవర్స్ అంటున్నారు. మన బడి భాషలో చెప్పాలంటే, "తెలివి ఉంది, కానీ అక్షరం రావట్లేదు", "ఒక్కచోట కూర్చోడు", "ఎవరితో కలవడు" అని మీరు, మేము ఫిర్యాదు చేసే పిల్లల్లో కొందరు.

మూడోవాళ్లు చుట్టూ ఉన్నవారికంటే వేరే భాష, వేరే అలవాట్లు ఉన్నవాళ్లు. ఇది మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. మహారాష్ట్రలో తెలుగు మాట్లాడే మనమే అది.

ఒకే మనిషి ఈ మూడింటిలో రెండు, ఒక్కోసారి మూడూ కావచ్చు.

బచత్ గట్ తెలిసిన తల్లులకు ఇది కొత్త కాదు

మన తల్లుల్లో చాలామంది బచత్ గట్‌లో ఉన్నారు. తెలంగాణలో చుట్టాలుంటే వాళ్లు పొదుపు సంఘం అంటారు. అక్కడ ఏం జరుగుతుంది? పది పదిహేను మంది ఆడవాళ్లు కూర్చుంటారు. అందరి కష్టం ఒకే రకం. లెక్క వాళ్లే రాస్తారు, ఎవరికి అప్పు ఇవ్వాలో వాళ్లే తేలుస్తారు. ఒకామె మొగుడు తాగొచ్చి గొడవ చేశాడని చెబితే, "మా ఇంట్లోనూ ఇంతేనే, నేను ఇట్లా చేశాను" అని ఇంకో ఆమె చెబుతుంది. ఆ మాటకు ఉన్న బలం పై నుంచి వచ్చిన సాహెబ్ ఉపన్యాసానికి ఉండదు.

తోటివారి ఆసరా అంటే సరిగ్గా ఇదే. కష్టం అనుభవించినవాళ్లే సాయం చేస్తారు, వాళ్లే నడుపుతారు. మందు మానాలనుకునేవాళ్ల కోసం 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరినొకరు నిలబెట్టుకుంటూ మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ ఈ పద్ధతిలోనే ప్రపంచమంతా పాకింది.

ఇలాంటి కూటాల్లో సాధారణంగా పాటించే నియమాలు కొన్ని ఉంటాయి. అక్కడ విన్నది బయట చెప్పకూడదు. ఎవరి అనుభవం వాళ్లు చెప్పాలి, ఎదుటివాళ్లకు తీర్పు చెప్పకూడదు. మాట్లాడమని ఎవరినీ బలవంతపెట్టకూడదు, ఊరికే కూర్చుని విన్నా చాలు. నడిపే బాధ్యత వంతులవారీగా మారుతుంది. ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చు. ఆటిజం ఉన్నవాళ్లు కలిసే చోట ఇంకొన్ని జాగ్రత్తలు తీసుకుంటారు. వెలుతురు తగ్గిస్తారు, చప్పుడు లేకుండా చూస్తారు, కళ్లలోకి చూసి మాట్లాడాలని పట్టుబట్టరు, మాట రానివాళ్లు రాసి చూపించవచ్చు.

ఆదిలాబాద్‌లో చదివిన డాక్టరు

మన సరిహద్దు దాటితే ఆదిలాబాద్. అక్కడి రిమ్స్‌లో 2015లో ఎంబీబీఎస్ పూర్తి చేసిన ప్రాచీ రాథోడ్ ట్రాన్స్‌జెండర్ మహిళ. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తుండగా ఆమె సంగతి తెలిశాక ఉద్యోగం పోయింది. ఆమె చదువు, పని మారలేదు. ఆమె గురించి ఇతరులకు తెలిసింది మారింది, అంతే.

2021 జనవరిలో హైదరాబాద్ నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ అని ఒకటి తెరిచారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం, వాళ్లే నడిపే క్లినిక్‌గా దేశంలో మొదటిదని దానికి పేరు. అక్కడ డాక్టరుగా కూర్చున్నది ప్రాచీ రాథోడ్. సలహాలు చెప్పేవాళ్లు కూడా ఆ సముదాయంవాళ్లే. మామూలు ఆసుపత్రిలో చీటీ రాయించుకునే దగ్గరే "ఆడా, మగా?" అని నవ్వితే జ్వరం వచ్చినా వెళ్లబుద్ధి కాదు. తనలాంటి మనిషే ఎదురుగా కూర్చుంటే వివరించుకునే భారం సగం తగ్గుతుంది. 2022 నవంబర్‌లో ఆమె, రూత్ జాన్‌పాల్ కొయ్యల అనే మరో డాక్టరు ఉస్మానియా ఆసుపత్రిలో చేరారు. తెలంగాణ ప్రభుత్వ సేవలో చేరిన మొదటి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు వాళ్లే.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉందని కూడా అదే క్లినిక్ చూపించింది. 2025 ఆరంభంలో అమెరికా ప్రభుత్వ సాయం ఆగిపోవడంతో అది మూతపడింది. కొన్ని నెలలకు టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ అనే పేరుతో మళ్లీ తెరుచుకుంది. మధ్యలో ఆ నెలల్లో వచ్చిపోయేవాళ్లు ఎక్కడికి వెళ్లి ఉంటారో ఆలోచించండి.

హైదరాబాద్‌వాళ్లు ఇంకో పెద్ద పని కూడా చేశారు. నిజాం కాలంలో, 1919లో, ఒక చట్టం వచ్చింది. హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయాలని, ఆడబట్టలు కట్టుకుని కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చని అందులో ఉంది. మన రాజురా, కోర్పనా ప్రాంతం కూడా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేదని పెద్దవాళ్లకు తెలుసు. వైజయంతి వసంత మొగ్లి మొదలైనవాళ్లు కోర్టుకు వెళ్తే, 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆసరా పింఛను వాళ్లకూ ఇవ్వమంది. ఎవరి కష్టం వాళ్లే నోరు తెరిచి చెప్పుకుంటే ఇంత దూరం వెళ్తుంది.

ఆటిజం ఉన్న పెద్దవాళ్లు ఏం చేశారు

ఆటిజం అనగానే మనకు చిన్నపిల్లలే గుర్తొస్తారు. వాళ్లు పెద్దవాళ్లవుతారన్నది మర్చిపోతాం. చాలా దేశాల్లో మొదట సంఘాలు పెట్టింది తల్లిదండ్రులే. 1992లో అమెరికాలో ఆటిజం ఉన్నవాళ్లే కలిసి ఆటిజం నెట్‌వర్క్ ఇంటర్నేషనల్ పెట్టుకున్నారు. అందులో ఒకరైన జిమ్ సింక్లెయిర్ 1993లో టొరంటోలో తల్లిదండ్రుల ముందు మాట్లాడుతూ, మీరు కలగన్న పిల్లాడు పుట్టలేదని ఏడుస్తూ కూర్చోకండి, ఎదురుగా ఉన్న పిల్లాడికి మీరు కావాలి అనే అర్థంలో చెప్పారు. ఆ మాట విని బాధపడ్డవాళ్లూ ఉన్నారు, కళ్లు తెరుచుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు మనకు పనికొచ్చే సంగతి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బందులు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు ఆ జాబితాలో విడిగా లేదు. సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు మన బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి సౌకర్యాలు ఉన్నాయి. పరీక్షల ముందు వచ్చి అడిగితే ఆలస్యమవుతుంది. అనుమానం ఉంటే తొమ్మిదో తరగతి లోపే మా దగ్గరికి రండి.

మన పిల్లలకు రెండు తలుపులు

1986లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో దక్షిణాసియా క్వీర్ వ్యక్తులు త్రికోణ్ అనే సంఘం పెట్టుకున్నారు. అక్కడ అప్పటికే క్వీర్ సంఘాలున్నాయి. అయినా "అమ్మకు ఎలా చెప్పాలి, పెళ్లి చూపులు ఎలా తప్పించుకోవాలి" అనే దిగులు పక్కనున్న తెల్లవాళ్లకు అర్థం కావడం కష్టం. కష్టం ఒక్కటే అయితే సరిపోదు, చెప్పుకునే భాష, ఇంటి తీరు కూడా కలవాలి.

ఈ విషయంలో సరిహద్దు పిల్లలకు ఒక మేలుంది. నాగపూర్‌లో సారథి ట్రస్ట్, ముంబైలో 1994 నుంచి హమ్‌సఫర్ ట్రస్ట్ పనిచేస్తున్నాయి. అక్కడ మరాఠీ, హిందీ నడుస్తాయి. హైదరాబాద్‌లో తెలుగు నడుస్తుంది. మన పిల్లలకు రెండూ వచ్చు. క్వీర్ పిల్లల తల్లిదండ్రులకు కూడా సంఘం ఉంది. 2017లో ముంబైలో మొదలైన స్వీకార్‌లో తల్లులు, తండ్రులే ఇతర తల్లిదండ్రులతో మాట్లాడతారు.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

ఇది రోగమా? కాదు. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న రోగాల జాబితా నుంచి తీసేసింది. మార్చేస్తామని చెప్పి చికిత్స చేయడం డాక్టరు వృత్తికి విరుద్ధమని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. బాబాల దగ్గరికి, తాయెత్తుల దగ్గరికి తిప్పకండి.

చట్టం ఒప్పుకుంటుందా? పెద్దవాళ్లు ఇద్దరు ఇష్టపడి కలిసి ఉంటే నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

అక్కడికి వెళ్తే చెడిపోతారేమో? ఏ సంఘంలోనైనా మంచీ చెడూ ఉంటాయి. నియమాలు ముందే చెప్పే చోటు, బహిరంగంగా పేరున్న సంస్థ, ఇష్టం లేనప్పుడు వెళ్లిపోనిచ్చే చోటు నమ్మదగినవి. డబ్బు అడిగినా, ఫోటోలు అడిగినా, ఇంట్లోవాళ్లతో మాట్లాడొద్దన్నా అనుమానించండి. ఈ కూటాలు 18 నిండిన వాళ్లకు. చిన్నపిల్లలకు మొదటి ఆసరా ఇల్లు, తరువాత బడి. ఆపదలో ఉన్న పిల్లలు 1098కి ఫోన్ చేయవచ్చు.

డాక్టరు అవసరం లేదా? అవసరమైనప్పుడు తప్పకుండా కావాలి. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే తోటివాళ్ల ఓదార్పుతో ఆగకూడదు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు పగలూ రాత్రీ ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

మేము నేర్చుకోవాల్సింది

2021లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ముందుకు ఇద్దరు అమ్మాయిల కేసు వచ్చింది. ఈ విషయం తనకు సరిగా తెలియదని ఆయన ఒప్పుకుని, ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకుని, ఆ సముదాయంవాళ్లతో మాట్లాడి, అప్పుడు తీర్పు రాశారు. జడ్జిగారు నేర్చుకోగా లేనిది, హెడ్మాస్టరు నేర్చుకోవడానికి నామోషీ ఏమిటి?

పిల్లలూ, "ఆడంగి", "మెంటల్", "మొద్దు" అని మీరు ఆటలో అనే మాటలు కొందరికి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ఆ మాటలు ఇక మన ఆవరణలో వద్దు. టీచర్లకూ ఇదే చెప్పాను, నాకు నేనూ చెప్పుకున్నాను.

శనివారం బడి వదిలాక నేను ఆఫీసు గదిలోనే ఉంటాను. తల్లులు, తండ్రులు, పాత విద్యార్థులు ఎవరైనా రావచ్చు. చెప్పింది ఏ రిజిస్టరులోనూ రాయను, ఇంకొకరికి చెప్పను. ఒక పిల్లకు గానీ పిల్లాడికి గానీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం ఎవరికి చెప్పాలో మీతో కలిసే ఆలోచిస్తాను.

ఆ పాత విద్యార్థికి ఫోన్‌లో క్షమాపణ చెప్పాను. "పర్లేదు సార్, ఇప్పుడు బడిలో అలాంటోడు ఒకడుంటే వాణ్ణి మాత్రం చూసుకోండి" అన్నాడు. చూసుకుంటానని మాట ఇచ్చాను.

మీ
ప్రధానోపాధ్యాయుడు