స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా ఎందుకు ఆపకూడదు?
జవాబు అడ్రినల్ కణాల జన్యువుల్లో ఉంది

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో రైల్వే పనుల కోసం తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వంటి చోట రాత్రి షిఫ్టు చేసే ఒక కార్మికుడికి మోకాళ్ల నొప్పి పట్టుకుందనుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లే తీరిక లేక, ఎవరో చెప్పిన చిన్న మాత్రలు కొనుక్కుని వేసుకున్నాడు. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. అవి స్టెరాయిడ్లని తెలియక నెలల తరబడి వాడి, ఒకరోజు ఆపేశాడు. కొద్ది రోజుల్లోనే విపరీతమైన నీరసం, వాంతులు, లేచి నిలబడితే కళ్లు తిరగడం మొదలయ్యాయి. ఇది ఏ ఊళ్లోనైనా, ఎవరికైనా జరగవచ్చు.

మందు మానితే పాత నొప్పి తిరిగి రావాలి గానీ, ఈ కొత్త జబ్బేమిటి?

గోదాము లేని ఫ్యాక్టరీ

మన రెండు మూత్రపిండాల మీద టోపీల్లా రెండు అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 4 నుంచి 5 గ్రాముల బరువుంటుంది. వీటి పైపొర కార్టిసాల్ అనే హార్మోనును తయారు చేస్తుంది. రక్తంలో చక్కెర, రక్తపోటు పడిపోకుండా చూసేది, జ్వరం, గాయం, ఆపరేషన్ వంటి కష్టకాలంలో శరీరాన్ని నిలబెట్టేది ఇదే. అయితే ఈ ఫ్యాక్టరీకి గోదాము లేదు. కార్టిసాల్‌ను నిల్వ ఉంచదు. ఎప్పటికప్పుడు కొలెస్ట్రాల్ నుంచి తయారు చేయాల్సిందే.

తయారీకి ఉత్తర్వు మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి నుంచి వస్తుంది. ఆ ఉత్తర్వు పేరు ఏసీటీహెచ్. ఇది 39 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీను. పగలు పనిచేసి రాత్రి నిద్రపోయేవారిలో ఇది తెల్లవారుజామున ఎక్కువగా, అర్ధరాత్రి వేళ చాలా తక్కువగా విడుదలవుతుంది. షిఫ్టు మారినంత తేలిగ్గా ఈ లయ మారదు.

ఉత్తర్వు జన్యువు దాకా చేరేదిలా

ఏసీటీహెచ్ కణం లోపలికి వెళ్లదు. కణ త్వచం మీదున్న గ్రాహకానికి అతుక్కుంటుంది. అప్పుడు కణంలోని ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు తయారవుతుంది. హార్మోను కబురును లోపలికి మోసే దూత ఇదే. దీన్ని కనుగొన్నందుకు ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి వచ్చింది. దీనికి ముడిసరుకైన ఏటీపీని కండరాల్లో గుర్తించి 1929లో ప్రకటించిన వారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

సైక్లిక్ ఏఎంపీ పీకేఏ అనే ఎంజైమును మేల్కొలుపుతుంది. దాని ప్రభావంతో కేంద్రకంలోని కొన్ని ప్రోటీన్లు డీఎన్‌ఏ మీద పని మొదలుపెడతాయి. ఎస్ఎఫ్-1 అనే ప్రోటీను వాటిలో ముఖ్యమైనది. ఒకే డీఎన్‌ఏ అన్ని కణాల్లో ఉన్నా, కార్టిసాల్ అడ్రినల్ కణంలోనే ప్రధానంగా తయారు కావడానికి ఇదొక కారణం.

ఫలితం రెండు దశల్లో కనిపిస్తుంది. మొదటిది నిమిషాల్లో జరుగుతుంది. 1994లో గుర్తించిన స్టార్ అనే ప్రోటీను కొలెస్ట్రాల్‌ను మైటోకాండ్రియా లోపలికి చేర్చి ఉత్పత్తిని పెంచుతుంది. రెండోది గంటలు, రోజుల మీద సాగుతుంది. కార్టిసాల్ తయారీకి కావలసిన ఎంజైముల జన్యువులు చురుగ్గా పనిచేసి కొత్త ఎంజైములను అందిస్తాయి. అంటే ఏసీటీహెచ్ సరుకును ఆర్డర్ చేయడమే కాదు, యంత్రాలను కూడా నిలబెడుతుంది.

ఉత్తర్వు ఆగిపోతే

రక్తంలో కార్టిసాల్ పెరిగితే, అదే వెళ్లి ఏసీటీహెచ్ తయారీకి ఆధారమైన జన్యువును అణచివేస్తుంది. ఇది సహజమైన కళ్లెం. స్టెరాయిడ్ మాత్ర కార్టిసాల్‌లాగే పనిచేస్తుంది కాబట్టి పీయూష గ్రంథి మోసపోతుంది. సరుకు చాలినంత ఉందనుకుని ఉత్తర్వులు ఆపేస్తుంది. వారాలు, నెలలు గడిస్తే అడ్రినల్ కణాల్లో ఆ జన్యువులు మందగిస్తాయి, ఎంజైములు తగ్గుతాయి, గ్రంథి కుంచించుకుపోతుంది. అప్పుడు మాత్ర హఠాత్తుగా ఆపితే బయటి సరుకూ లేదు, లోపలి సరుకూ లేదు. ఇది ప్రాణం మీదికి రావచ్చు.

గ్రంథిలోని మరో పొర మాత్రం అంతగా దెబ్బతినదు. ఉప్పును కాపాడే ఆల్డోస్టిరాన్‌ను తయారు చేసే ఆ కణాలు ప్రధానంగా యాంజియోటెన్సిన్, పొటాషియం చెప్పిన మాట వింటాయి. ఒకే గ్రంథిలో వేర్వేరు హార్మోన్లు వేర్వేరు జన్యువులను నడుపుతాయనడానికి ఇది మంచి ఉదాహరణ.

గ్రంథి కోలుకున్నదీ లేనిదీ తెలుసుకునే పరీక్ష కూడా ఇదే సూత్రం మీద ఆధారపడింది. కృత్రిమ ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి, 30 నుంచి 60 నిమిషాల్లో కార్టిసాల్ ఎంత పెరిగిందో చూస్తారు. యంత్రాలు లేని ఫ్యాక్టరీ అంత త్వరగా స్పందించలేదు.

అందుకే దీర్ఘకాలం వాడిన స్టెరాయిడ్ మోతాదును డాక్టర్లు మెల్లమెల్లగా తగ్గిస్తారు. గ్రంథి పూర్తిగా కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. అలాగని ఉబ్బసానికో, కీళ్లవాతానికో డాక్టరు రాసిన స్టెరాయిడ్‌ను భయపడి మానేయడమూ ప్రమాదమే. పేరు తెలియని నొప్పి మాత్రలు వాడుతుంటే స్ట్రిప్పు తీసుకుని డాక్టరుకు చూపించాలి. ఆపరేషన్‌కో, తీవ్ర జ్వరానికో ఆస్పత్రికి వెళ్తే, స్టెరాయిడ్లు వాడిన సంగతి ముందే చెప్పాలి.