మీకు తెలుసా? మందూ మనవాడిదే, విరుగుడూ మనవాడిదే

మెదక్‌లోనైనా మరెక్కడైనా కీళ్లవాతానికి, కొన్ని క్యాన్సర్లకు డాక్టర్లు రాసే మెథోట్రెక్సేట్ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) నడిపించిన పరిశోధనల ఫలం. ఈ మందు ఒంట్లోని రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. అందుకే ఇన్ఫెక్షన్లు త్వరగా సోకుతాయి. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లకు విరుగుడుగా 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను వెలుగులోకి తెచ్చిందీ ఆయన బృందమే!

• కీళ్లవాతానికైతే మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.
• ఈ మందుతో నోరు పూస్తే ఓర్చుకుంటూ కూర్చోకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి. మెత్తని బ్రష్ వాడండి, గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించండి.
• కీమోథెరపీలో ఉన్నవారికి జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే తెల్లారేదాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.