24 మంది అమ్మలు, ఒకే ఒక్క కాపీ: వాట్సాప్ లేని రోజుల్లో ఒక గ్రూప్ 55 ఏళ్లు ఎలా నడిచింది?

వీడియో మొదలుపెట్టే ముందు చిన్న పని. మీ ఫోన్‌లో వాట్సాప్ ఓపెన్ చేసి ఎన్ని గ్రూపులున్నాయో చూడండి. ఫ్యామిలీ గ్రూప్, కాలేజ్ గ్రూప్, అపార్ట్‌మెంట్ గ్రూప్, ఎవరో పెళ్లికి పెట్టి ఇప్పటికీ డిలీట్ చేయని గ్రూప్. నాకైతే 43 ఉన్నాయి. ఇప్పుడు అసలు ప్రశ్న. రాత్రి పదకొండింటికి మనసు బాగోకపోతే, "ఇవాళ నాకు అస్సలు బాలేదు" అని ఏ గ్రూప్‌లో టైప్ చేయగలరు? నాకొచ్చిన లెక్క ఒకటి. అది కూడా డౌటే.

ఈ ప్రశ్న అందరికంటే గట్టిగా తగిలేది ఎవరికంటే, చదువుకుని, ఉద్యోగం చేసి, ఇప్పుడు చిన్న పిల్లలతో ఇంట్లో ఉంటున్న అమ్మలకి. అందుకే ఈ ఎపిసోడ్ వాళ్ల గురించి. వాళ్లు రాసుకోవడం ద్వారా మనుషుల్ని ఎలా సంపాదించుకున్నారు అనే దాని గురించి. ఈ కథ 1935లో మొదలవుతుంది. ఇంటర్నెట్ కాదు కదా, చాలా ఇళ్లలో ఫోన్ కూడా లేని టైమ్.

బ్రిటన్‌లో అప్పట్లో "నర్సరీ వరల్డ్" అని ఒక పత్రిక వచ్చేది. పిల్లల పెంపకం మీద. అందులో పాఠకుల ఉత్తరాలకి ఒక పేజీ. 1935లో ఐర్లండ్ నుంచి ఒకావిడ ఆ పేజీకి ఉత్తరం రాసింది. అసలు పేరు పెట్టలేదు, "యుబిక్వి" అని సంతకం చేసింది. లాటిన్‌లో దానికి అర్థం "అన్నిచోట్లా" అని. పాపం ఆవిడేమో ఒక్కచోటే ఇరుక్కుపోయి ఉంది. ఉత్తరంలో ఏముందంటే: దగ్గర్లో ఇరుగుపొరుగు లేరు. రేడియో కొనే స్తోమత లేదు. చదవడం ప్రాణం, కానీ అందుబాటులో లైబ్రరీ లేదు. పిల్లలు పడుకున్నాక ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే దిగులు కమ్ముకొస్తోంది. ఖర్చు లేకుండా, ఆసక్తిగా ఉండి ఆలోచనల్ని దూరం పెట్టే వ్యాపకం ఏదైనా ఉంటే చెప్పండమ్మా అని అడిగింది.

ఆ ఉత్తరానికి వేరే ఊళ్ల నుంచి అమ్మలు స్పందించారు. మాదీ ఇదే పరిస్థితి అన్నారు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ వీడియో ఉండేది కాదు. వాళ్లు ఏం చేశారంటే, మనమే ఒక పత్రిక పెట్టుకుందాం, మన కోసం మనమే రాసుకుందాం, బయటివాళ్లెవరికీ అమ్మొద్దు అనుకున్నారు. దాని పేరు "కోఆపరేటివ్ కరెస్పాండెన్స్ క్లబ్". షార్ట్‌గా సీసీసీ.

ఇక్కడి నుంచి నాలో ఇంజనీర్ నిద్ర లేస్తాడు. సిస్టమ్ ఎలా పనిచేసిందో చూడండి. ప్రతి మెంబర్‌కీ ఒక మారుపేరు. ఒకరు "ఎలెక్ట్రా", ఒకరు "ఐసిస్", ఇంకొకరు "కాటన్ గూడ్స్". ఎడిటర్ పేరు "యాడ్ ఆస్ట్రా", అంటే నక్షత్రాల వైపు అని. అందరూ తమ తమ రాతలు ఆవిడకి పోస్టులో పంపేవారు. ఆవిడ అన్నీ కలిపి కుట్టి, పైన చేత్తో ఎంబ్రాయిడరీ చేసిన గుడ్డ అట్ట వేసేది. ప్రింటింగ్ లేదు, జిరాక్స్ లేదు. ఒకే ఒక్క కాపీ. అది లిస్టులో మొదటావిడకి పోస్టులో వెళ్తుంది. ఆవిడ చదివి, పక్కనున్న ఖాళీలో తన మాట రాసి, తర్వాతావిడకి పంపాలి. ఆవిడ అసలు రాతతో పాటు ముందావిడ రాసిన మాట కూడా చదివి, తనదీ కలిపి, ఆ తర్వాతావిడకి. ఇలా మొత్తం చుట్టు తిరగాలి.

కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్ట్ చదివినవాళ్లకి ఇప్పటికే వెలిగి ఉంటుంది. ఇది టోకెన్ రింగ్! టోకెన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల వంతు. ఎగ్జామ్‌కి బట్టీపట్టి మర్చిపోయిన ఆ టాపిక్‌ని ఈ అమ్మలు ఎంబ్రాయిడరీ అట్టతో నడిపించారు.

ఒక చిన్న లెక్క వేద్దాం. మెంబర్లు ఒక టైమ్‌లో దాదాపు 24 మంది. ఒక్కొక్కరి దగ్గర రెండ్రోజులు ఉంటుందనుకుంటే, ఒక చుట్టు పూర్తవడానికి 48 రోజులు. పత్రికేమో పదిహేను రోజులకోసారి. అంటే ఏ టైమ్‌లో చూసినా మూడు నాలుగు సంచికలు వేర్వేరు ఇళ్లలో తిరుగుతూనే ఉండాలి. ఎవరైనా పుస్తకాన్ని బీరువాలో పెట్టి మర్చిపోతే, వెనకున్న వాళ్లందరికీ ట్రాఫిక్ జామ్.

చూస్తే ఇంత నెమ్మదైన, ఎప్పుడైనా తెగిపోగల సిస్టమ్ ఇంకోటి ఉండదు. కానీ ఇది 1990 వరకు నడిచింది. 55 ఏళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడుతున్నప్పుడు కూడా. మెంబర్లు ఒకరినొకరు కలుసుకున్నారు, స్నేహితులయ్యారు. పసిపిల్లల గురించి రాయడం మొదలుపెట్టినవాళ్లు ముసలితనం గురించి, పోయిన మనుషుల గురించి కూడా ఆ పుస్తకంలోనే రాసుకున్నారు. మిగిలిన సంచికలు ఇప్పుడు ఇంగ్లండ్‌లో సస్సెక్స్ యూనివర్సిటీకి చెందిన మాస్ అబ్జర్వేషన్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. జెన్నా బెయిలీ అనే రచయిత్రి వాటి మీద 2007లో ఒక పుస్తకం తెచ్చారు.

అసలు వీళ్లు ఇంట్లో ఎందుకున్నారు? ఇది తెలియకపోతే వాళ్ల ఆరాటం అర్థం కాదు. ఆ క్లబ్‌లో బాగా చదువుకున్నవాళ్లు, యూనివర్సిటీకి వెళ్లినవాళ్లు చాలామంది. కానీ అప్పట్లో బ్రిటన్‌లో "మ్యారేజ్ బార్" అని ఒకటుండేది. టీచర్ లాంటి ఉద్యోగాల్లో, ప్రభుత్వ ఆఫీసుల్లో ఆడవాళ్లు పెళ్లి చేసుకుంటే రాజీనామా చేయాల్సిందే. టీచర్లకి 1944లో, సివిల్ సర్వీస్‌లో 1946లో ఎత్తేశారు. యుబిక్వి ఉన్న ఐర్లండ్‌లో ప్రభుత్వ ఉద్యోగాలకి 1973 దాకా ఉంది! అంటే పాఠాలు చెప్పిన మనిషికి, లెక్కలు తేల్చిన మనిషికి, తాళి కట్టిన మర్నాడే... సారీ, అక్కడ తాళి ఉండదు, ఉంగరం తొడిగిన మర్నాడే ఇక బుర్రతో పనిలేదు అని చెప్పేయడం.

పాత కాలం కదా అనుకోకండి. మా పిన్ని కూతురు, నాకు అక్క అవుతుంది, అమెరికాలో డాలస్ దగ్గర ఉంటుంది. బీటెక్ చేసింది, హైదరాబాద్‌లో నాలుగేళ్లు టెస్టింగ్‌లో పనిచేసింది. బావ హెచ్1బీ మీద వెళ్తే తను హెచ్4 డిపెండెంట్‌గా వెళ్లింది. హెచ్4 వాళ్లు అసలు ఉద్యోగమే చేయకూడదని ఉండేది. 2015 మే నుంచి కొంతమందికి పర్మిట్ ఇస్తున్నారు, కానీ అది కూడా భర్త గ్రీన్ కార్డ్ ప్రాసెస్ ఒక స్టేజ్ దాటితేనే. అక్క వాళ్లది ఇంకా దాటలేదు. పాప పుట్టాక ఒకరోజు ఫోన్‌లో అంది: "ఒరేయ్, పొద్దున్నుంచి రాత్రి దాకా మాట్లాడుతూనే ఉంటానురా. కానీ అన్నీ 'తినమ్మా, తాగమ్మా, పడుకో నాన్నా' మాటలే. నేనొక పూర్తి వాక్యం మాట్లాడి ఎన్ని రోజులైందో."

పూర్తి వాక్యం. ఈ మాట నా బుర్రలో ఉండిపోయింది. అక్క ఒక తెలుగు మదర్స్ గ్రూప్‌లో ఉంది, రెండొందల మందికి పైనే. అందులో పనికొచ్చే విషయాలు బోలెడు దొరుకుతాయి. ఏ డాక్టర్ మంచిది, ఉగ్గు సామాన్లు ఎక్కడ దొరుకుతాయి, వేపపువ్వు ఎవరి దగ్గరుంది, అన్నీ. కానీ అక్కడ ఎవరూ పూర్తి వాక్యం రాయరు. రాసినా కింద పది మెసేజ్‌లు పడి పైకి వెళ్లిపోతుంది.

నా ఉద్దేశంలో తేడా అంతా ఇక్కడే ఉంది. సీసీసీలో నీ వంతు గ్యారంటీ. నువ్వు నాలుగు పేజీలు రాస్తే మధ్యలో ఎవరూ అడ్డురారు. చుట్టులో ఉన్న ప్రతి ఒక్కరి చేతిలోకీ నీ రాత వెళ్తుంది, వాళ్లు నీ పేజీ అంచున ఏదో ఒకటి రాస్తారు. ఒప్పుకోవచ్చు, పోట్లాడొచ్చు, కానీ చదివామని నీకు తెలుస్తుంది. రెండొందల మంది గ్రూప్‌లో బ్లూ టిక్ వస్తుందంతే.

మన దగ్గర ఇలాంటిది లేదా అంటే, వేరే షేప్‌లో ఉంది. 1928లో మద్రాసు నుంచి కె.ఎన్. కేసరి గారు "గృహలక్ష్మి" పత్రిక మొదలుపెట్టారు, ఆడవాళ్ల కోసం. ఇంకా మీ అమ్మమ్మనో నానమ్మనో అడగండి, మాలతీ చందూర్ పేరు చెప్పగానే మొహం వెలిగిపోతుంది. ఆంధ్రప్రభ వారపత్రికలో ఆవిడ శీర్షిక "ప్రమదావనం" 1952లో మొదలై దశాబ్దాల పాటు నడిచింది. వంటల దగ్గర్నుంచి అత్తగారితో గొడవ, పెళ్లి, చదువు, ఏదడిగినా జవాబు చెప్పేవారు. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనిది ఉత్తరంలో రాసి పంపితే, ఆవిడ తీరిగ్గా చదివి సమాధానం ఇచ్చారు. అది ఎంతమందికి ఊపిరి పోసిందో.

కానీ నెట్‌వర్క్ పరంగా చూస్తే అది స్టార్ టోపాలజీ. మధ్యలో ఒక్కరు, అన్ని గీతలూ ఆవిడ దగ్గరికే. ఉత్తరం రాసిన గుంటూరు ఆవిడకి, అదే కష్టంతో రాసిన వరంగల్ ఆవిడ పరిచయం అవదు. ఇప్పటి మామ్ ఛానెల్స్ కూడా ఇదే షేప్. నా ఛానెల్ కూడా, ఆ మాటకొస్తే! మీకు నా మొహం తెలుసు, మా ఇంటి గోడ రంగు తెలుసు. మీరెవరో నాకు తెలీదు. ఆవిడ వీడియో చూస్తుంటే తోడున్నట్టే ఉంటుంది, నిజమే. కానీ మీ పాపకి జ్వరం తగ్గిందా అని ఆవిడ అడగదు.

ఇంకో ఉదాహరణ త్వరగా చెప్పేస్తా. 1960 ఫిబ్రవరిలో మౌరీన్ నికల్ అనే ఇంగ్లండ్ అమ్మ గార్డియన్ పత్రికకి ఉత్తరం రాసింది. ఇద్దరు చిన్న పిల్లలు, భర్త ఉద్యోగం వల్ల కొత్త ఊరు, తెలిసినవాళ్లు లేరు. ఇలాంటి వాళ్లందరి పేర్లతో ఒక రిజిస్టర్ ఉంటే, ఎవరు ఏ ఊరు మారినా అక్కడ మాట్లాడే మనిషి దొరుకుతుంది కదా అంది. ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అదే నేషనల్ హౌస్‌వైవ్స్ రిజిస్టర్ అయింది. పేరు మార్చుకుని నేషనల్ విమెన్స్ రిజిస్టర్‌గా ఇప్పటికీ ఉంది. అందులో నాకు నచ్చిందేంటంటే, కలిసినప్పుడు ఇంటిపనులు, పిల్లల కబుర్లు పక్కనపెట్టి వేరే విషయాలు మాట్లాడుకోవాలి అనేది వాళ్ల పద్ధతి. సీసీసీలో అమ్మతనం గురించి ఎంతైనా రాసుకోవచ్చు, ఇక్కడేమో అది దాటి రావాలి. రెండూ కావాలనుకుంటా. అది అమ్మల్నే అడగాలి, నేను చెప్పేదేముంది.

సరే, ఇప్పుడు అక్క ఏం చేసిందో చెప్తా, ఎందుకంటే ఇది మీరూ చేయొచ్చు. సీసీసీ గురించి నేను చెప్పాక, ఆ పెద్ద గ్రూప్‌లోంచి తనకి కాస్త నచ్చినవాళ్లని నలుగుర్ని విడిగా అడిగింది. మొత్తం ఐదుగురు. వారంలో ఒక్కొక్కరికి ఒక రోజు. అక్కది మంగళవారం. ఆ రోజు తను ఎంత పొడుగైనా రాయొచ్చు, రాసే ఓపిక లేకపోతే వాయిస్ పంపొచ్చు. మిగతా నలుగురూ రెండ్రోజుల్లోపు కనీసం రెండు మూడు లైన్లు సొంతంగా రాయాలి. ఎమోజీ చెల్లదు. ఫార్వర్డ్‌లు నిషేధం. స్క్రీన్‌షాట్ బయటికి వెళ్తే గ్రూప్ క్లోజ్. శని, ఆదివారాలు సెలవు.

మొదటి రెండు వారాలు అందరూ "ఏం రాయాలో తెలీట్లేదు" అనే రాశారట. మూడో వారం ఒకావిడ, పుట్టింటికి వెళ్లాలనుంది కానీ వీసా స్టాంపింగ్ భయంతో మూడేళ్లుగా వెళ్లలేకపోతున్నానని రాసింది. ఆ తర్వాత ఎవరికీ టాపిక్ వెతుక్కునే పని పడలేదు. ఇప్పుడు ఎనిమిది నెలలైంది. ఒకావిడ మానేసింది, ఇంకొకావిడ వచ్చింది.

ఒక జాగ్రత్త మాత్రం. రింగ్ నెమ్మది. నీ వంతు వచ్చేదాకా ఆగలేని బాధలు కొన్నుంటాయి. కాన్పు తర్వాత రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, నిద్ర, తిండి పోతే, బిడ్డ మీద మనసు నిలవకపోతే డాక్టర్‌కి చెప్పాలి. మన దేశంలో టెలీ మానస్ హెల్ప్‌లైన్ ఉంది, 14416, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనో, బిడ్డని ఏమన్నా చేయాలనో ఆలోచనలొస్తే మాత్రం ఆ నిమిషమే పక్కన ఎవరుంటే వాళ్లకి చెప్పి హాస్పిటల్‌కి వెళ్లాలి.

మరి యుబిక్వి అడిగిన ఖర్చులేని వ్యాపకం సంగతి? పోస్టల్ స్టాంపులకి డబ్బులయ్యాయి లెండి. ఇక ఉంటా, అక్క మంగళవారం కోసం పాపని ఒక గంట వీడియో కాల్‌లో ఆడించే డ్యూటీ నాకు పడింది. అక్కడ పొద్దున తొమ్మిది, మనకి రాత్రి ఏడున్నర. టైమైపోతోంది.