జట్టుగా వచ్చిన మ్యాజికల్ గర్ల్స్: కొన్ని రికార్డులు

మంత్రశక్తితో రూపం మార్చుకుని చెడుతో తలపడే అమ్మాయిల కథలను యానిమే అభిమానులు ‘మ్యాజికల్ గర్ల్’ కథలంటారు. వీటిలో జట్ల కథలకు ఆదరణ ఎక్కువ. చదువుల తల్లి, కోపిష్ఠి, ఏడుపుగొట్టు, చెయ్యి తిరిగిన వంటగత్తె అంతా ఒకే జట్టులో ఉంటారు. అందుకే చూసే ప్రతి పిల్లకీ ‘ఇది అచ్చం నేనే’ అనిపించే పాత్ర ఒకటి దొరుకుతుంది.

తొలి అడుగు ఒంటరిదే

టోయీ సంస్థ 1966 డిసెంబర్‌లో మొదలుపెట్టిన ‘మహోత్సుకాయి సాలీ’ని ఈ కోవలో మొదటి యానిమేగా చెబుతారు. మాయాలోకపు రాకుమారి భూమ్మీదికి వచ్చి స్నేహితులను సంపాదించుకునే కథ. మొత్తం 109 ఎపిసోడ్లు. మొదటి 17 నలుపు తెలుపులోనే వచ్చాయి. సాలీకి స్నేహితులున్నారు గానీ, పోరాడే జట్టు లేదు.

జట్టు నిండేసరికి 33 ఎపిసోడ్లు

ఆ లోటు తీర్చింది ‘సైలర్ మూన్’. 1975 నాటి ‘గోరేంజర్’తో మొదలైన రంగురంగుల ఐదుగురు వీరుల పద్ధతిని నవోకో టకేయుచి అమ్మాయిల కథలోకి తెచ్చారు. 1992 నుంచి 1997 దాకా 200 ఎపిసోడ్లు నడిచింది. ఏడుపుగొట్టు ఉసాగితో మొదలైన కథలోకి 8వ ఎపిసోడ్‌లో చదువరి ఆమి, 10లో ముక్కోపి రెయ్, 25లో బలశాలి, వంటలో దిట్ట మకోతో, 33లో మినాకో వచ్చి చేరారు. ఒక్కొక్కరితో పరిచయం కుదిరాకే మరొకరు రావడంతో ఐదుగురూ ప్రేక్షకులకు విడివిడిగా గుర్తుండిపోయారు. ఉసాగిది చంద్రుడు. మిగతా నలుగురివీ బుధుడు, కుజుడు, గురుడు, శుక్రుడు. అంటే మన సోమవారం నుంచి శుక్రవారం దాకా!

రూపం మారే దృశ్యంలోనూ ఎవరి తీరు వారిదే. ఒకరి చుట్టూ నీళ్లు, ఒకరి చుట్టూ మంటలు, ఇంకొకరి చుట్టూ మెరుపులు. చెయ్యి పైకెత్తగానే గోళ్లకు ఎవరి రంగు వారికి పడుతుంది. ఒకసారి గీసిన ఆ దృశ్యాన్నే ప్రతివారం వాడుకోవడంతో స్టూడియోకు బోలెడు పని తప్పేది. పిల్లలకూ అది కంఠతా వచ్చేసేది.

అంతరించిపోయే జీవుల జట్టు

2002లో వచ్చిన ‘టోక్యో మ్యూ మ్యూ’లో ఐదుగురు అమ్మాయిలకూ అరుదైన జీవుల డీఎన్‌ఏతో శక్తులు వస్తాయి. ఇరియోమోటే దీవి అడవిపిల్లి, నీలి రంగు చిలుక, వీపు మీద రెక్క లేని పోర్పస్, బంగారు రంగు టామరిన్ కోతి, బూడిద రంగు తోడేలు. ఎవరి స్వభావానికి తగిన జీవి వారిది.

ఇద్దరితో మొదలై 55 మంది

‘ప్రీక్యూర్’ 2004 ఫిబ్రవరి 1న ఇద్దరితోనే మొదలైంది. లక్రోస్ ఆడే నాగిసా, సైన్స్ క్లబ్ హోనోకా చేతులు కలిపితేనే రూపం మారుతుంది. 8వ ఎపిసోడ్‌లో ఇద్దరూ గట్టిగా పోట్లాడుకున్నాకే ఇంటిపేర్లు వదిలి అసలు పేర్లతో పిలుచుకుంటారు. 2018లో వచ్చిన ఈ కుటుంబపు ‘ఆల్ స్టార్స్ మెమరీస్’ సినిమాలో ఏకంగా 55 మంది ప్రీక్యూర్లు కనిపించారు. ఒక యానిమే సినిమాలో అత్యధిక మాయా యోధులుగా గిన్నిస్ రికార్డు దానికి దక్కింది.

తక్కువ ఎపిసోడ్లలో పెద్ద కుదుపు

2011 నాటి ‘మదోకా మాజికా’ 12 ఎపిసోడ్లే. ఇందులో శక్తి ఊరికే రాదు. ఒక కోరిక తీర్చి, బదులుగా ప్రాణం మీదికి తెస్తుంది. సయాకా వయొలిన్ వాయించే స్నేహితుడి చెయ్యి బాగుపడాలంటుంది. క్యోకో తన తండ్రి బోధలు జనం వినాలంటుంది. ఎవరి కోరిక ఎలాంటిదో వారి గతి కూడా అలాంటిదే. అందరూ ఇష్టపడ్డ మామి మూడో ఎపిసోడ్‌లోనే చనిపోతుంది.

గులాబీ కాదు, నీలం

2023లో వచ్చిన ‘హిరోగారు స్కై ప్రీక్యూర్’ పాత లెక్కలు చాలా మార్చింది. నాయకురాలి రంగు నీలం. క్యూర్ బటర్‌ఫ్లై వయసు 18, పసిపిల్లల టీచరు కావాలని చదువుకుంటోంది. జట్టులో శాశ్వత సభ్యుడైన తొలి అబ్బాయి క్యూర్ వింగ్. ఇప్పుడు ‘అచ్చం నేనే’ అనుకునే అవకాశం తమ్ముళ్లకూ వచ్చింది.