పొలమునందు రాత్రి దీపము

2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటినది. అట్టి హెచ్చరిక వినబడినపుడు తెనాలి, రేపల్లె పొలములందు రాత్రియే వరి నూర్చుకొనవలసి వచ్చును. అందులకై ట్రాక్టరునకు బిగించు ఎల్.ఇ.డి. దీపమును వాట్లు చూచి కొనరాదు. వాటు కరెంటు ఖర్చును, ల్యూమెను వెలుగును దెలుపును. బాణమువలె దూరము పోవు వెలుగు కళ్లమున కక్కఱకు రాదు. నా మతమున వెడల్పుగా పఱచుకొనునదియే మేలు. ఐ.పి. 67 అని యున్న దీపమున దుమ్ము చొరదు. మీటరు లోతు నీట అరగంట మునిగినను చెడదు. 36 వాట్ల దీపము 12 వోల్టుల బ్యాటరీనుండి 3 ఆంపియర్లు లాగును. ఇంజను నాపి అట్టివి నాలుగు రాత్రియెల్ల వెలిగించినచో ప్రొద్దుట బండి కదలదు. వెనుకకు జూచు దీపమును రోడ్డెక్కక మునుపే యార్పుడు. వెనుక వచ్చు వాని కన్నులు చెదరును. మన త్రోవల ప్రక్కనేమో కాలువలు.