వారసత్వ కేసుల్లో దొరికిన సైనికులు

ఉక్రెయిన్ యుద్ధంలో తమ సైనికులు 5,937 మంది చనిపోయారని 2022 సెప్టెంబరులో అప్పటి రష్యా రక్షణ మంత్రి సెర్గేయ్ షోయిగు ప్రకటించారు. ఆ తరవాత మొత్తం లెక్క గురించి మాస్కో చాలాకాలం నోరు విప్పలేదు. కీవ్ చెప్పే అంకె అంతకు ఎన్నో రెట్లు. తన నష్టం తగ్గించి, ఎదుటివాడిది పెంచి చెప్పడం ఏ సైన్యానికైనా అలవాటే.

మీడియాజోనా, మెదూజా అనే రెండు స్వతంత్ర రష్యన్ వార్తాసంస్థలు, గణాంకవేత్త దిమిత్రి కోబాక్‌తో కలిసి వేరే దారి వెతికాయి. చనిపోయినవాడి పేర ఇల్లో, కారో, బ్యాంకులో కాస్త డబ్బో ఉంటే వారసులు నోటరీ దగ్గరికి వెళ్లక తప్పదు. ఆ కేసులన్నీ ఒక జాతీయ రిజిస్టరుకెక్కుతాయి. మరణవార్తను ప్రభుత్వం తొక్కిపెట్టగలదేమో గానీ, ఆస్తి పంపకాన్ని ఎవరాపగలరు?

అయితే పడుచు మగవాళ్లు రోడ్డు ప్రమాదాల్లోనూ పోతారు, జబ్బులతోనూ పోతారు. అందుకని అదే వయసు ఆడవాళ్ల కేసులను కొలబద్దగా పెట్టుకున్నారు. మామూలు రోజుల్లో ఈ రెండింటి నిష్పత్తి పెద్దగా మారదు. యుద్ధం మొదలయ్యాక మగవాళ్ల వైపే పెరిగినదంతా యుద్ధం ఖాతాలోకి వెళ్తుంది.

మరి ఏ ఆస్తీ లేనివాళ్ల మాటేమిటి? ఇక్కడ చెరువులో చేపలను అంచనా కట్టే పాత ఉపాయం అక్కరకొచ్చింది. కొన్ని చేపలు పట్టి, గుర్తు వేసి వదిలేస్తారు. రెండోసారి వలలో గుర్తున్నవి ఎన్ని పడ్డాయో చూసి మొత్తం ఎన్నో లెక్కగడతారు. సంతాప ప్రకటనలు, సమాధుల ఫొటోల నుంచి పేరు పేరునా కూర్చిన మృతుల జాబితా అప్పటికే ఉంది. అందులో ఎందరు రిజిస్టరులో కనిపించారో చూస్తే, దానికి చిక్కనివాళ్ల వాటా తెలిసింది. 2023 మే నాటికి 50 ఏళ్లలోపు మృతులే సుమారు 47,000 అని తేలింది. పేర్లు తెలిసినవాళ్లు అందులో దాదాపు సగమే. ప్రభుత్వ సంస్థ రాస్‌స్టాట్ 2022 మరణాల గణాంకాలతో పోల్చినా ఫలితం దగ్గరగానే వచ్చింది. అందుకే నాకు ఈ లెక్క మీద నమ్మకం.

పౌరుల సంగతి ఇంతకన్నా జటిలం. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఒక్కో మరణాన్నీ ధ్రువీకరించుకున్నాకే జాబితాలో చేరుస్తుంది. అసలు సంఖ్య ఇంకా ఎక్కువేనని తానే ఒప్పుకుంటుంది. రష్యా ఆక్రమించిన ఉక్రెయిన్ నగరం మరియుపోల్‌లో పరిశోధకులు అడుగు పెట్టే వీల్లేదు. హ్యూమన్ రైట్స్ వాచ్, దాని సహచర సంస్థలు ఉపగ్రహ చిత్రాలు, ఫొటోలు, వీడియోల్లో కొత్త సమాధులను లెక్కపెట్టి, మామూలుగా సంభవించే మరణాలను తీసేశాయి. 2022 మార్చి నుంచి ఏడాదిలో కనీసం 8,034 మంది అదనంగా చనిపోయారని 2024లో నివేదించాయి. వారిలో పౌరులెందరో, సైనికులెందరో తేల్చలేకపోయాయి.